తెరుచుకోని వాల్వు

గౌసియాకి ఆ యంత్రంతో పరిచయం ఒక కాలిపోయిన కాయిల్ వల్ల కలిగింది.

నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఆమె భర్త నూర్ మొహమ్మద్‌కి లేత్ షాపు ఉంది. దాన్ని ఆనుకొని ఉన్న ఇరుకు గదిలో గౌసియా మోటార్లలో కాలిన రాగితీగ తీసి కొత్తది చుట్టే వైండింగ్ పని చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో మామగారి దగ్గర నేర్చుకున్న పని అది. ఆడమనిషి చుట్టిన మోటారా అని మొదట్లో వెనక్కి తీసుకెళ్ళిన రైతులే, ఇప్పుడు శావల్యాపురం నుంచీ రాజుపాలెం నుంచీ కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఆటోల్లో వేసుకొచ్చి, ఆమె చేత్తోనే చుట్టాలని పట్టుబట్టి కూర్చుంటారు.

మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం, వినుకొండ రోడ్డులోని ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే వందన ఆ గదిలోకి వచ్చి, చేతిరుమాల్లో చుట్టిన వస్తువొకటి బల్ల మీద పెట్టింది. సాసరంత ఉన్న చదునైన రాగి చుట్ట. నల్లగా మాడిపోయి ఉంది.

“ఏంది మేడం ఇది? ఏ మోటార్ది?”

“మోటార్ది కాదక్కా. గ్యాసు వదిలే వాల్వుది. హైదరాబాదులో అడిగితే మూడు నెలలన్నారు.”

గౌసియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక కొస పట్టుకొని విప్పుతూ చుట్లు లెక్కపెట్టింది. “సాయంత్రం రండి,” అంది.

సాయంత్రం వందన కొత్త కాయిల్ తీసుకెళ్ళింది. వారం తిరక్కుండానే ఇంకో ఐదు కావాలని వచ్చింది. ఈసారి గౌసియా అడ్డం తిరిగింది. అవి ఎక్కడ పెడతారో, ఏం చేస్తాయో చూడనిదే చుట్టనని చెప్పింది.

అలా ఆమె మొదటిసారి కాలేజీ వెనకున్న రేకుల షెడ్డులోకి అడుగుపెట్టింది. మధ్యలో గుండ్రటి స్టీలు పీపా. దాని చుట్టూ ఆరు గొట్టాలు, ఆరూ లోపలికి గురిపెట్టి ఉన్నాయి. గోడ వెంబడి, కరెంటుని నింపుకొని ఒక్క దెబ్బలో వదిలే బీరువాలంత కెపాసిటర్లు వరసగా నిలబడి ఉన్నాయి.

“ఇవి తుపాకులక్కా,” అంది వందన. రాజుపాలెం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టింది కాబట్టి, పాఠం చెప్పేటప్పుడు తప్ప ఆమె మాట ఊరి మాటే. “గుళ్ళు ఉండవు. వాయువు ఉంటది. కరెంటు దెబ్బకి ఆ వాయువు మండి మెరుపులాంటిదైపోద్ది. ప్లాస్మా అంటాం దాన్ని. ఆరు వైపుల నుంచీ సెకనుకి యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చి, మధ్యకి చేరేలోపు ఒకదానికొకటి అంటుకుంటాయి. గుల్లలాగా అవుద్ది. ఆ గుల్ల లోపలికి కూలిపోతా, మధ్యలో ఉన్న బరువు హైడ్రోజన్‌ని నలిపేస్తది. సూర్యుడి కడుపులో జరిగేది ఆ నలుపుడే. అది ఇక్కడ జరిగితే బొగ్గు అక్కర్లేకుండా కరెంటు పుట్టించుకోవచ్చు.”

“గాలితో నలిపే బదులు ఇనపగుల్లతో నలపొచ్చుగా?”

“నలపొచ్చు. కాని ప్రతిసారీ ఆ ఇనపగుల్ల ముక్కలైపోద్ది. మళ్ళీ కొత్తది బిగించాలి. వాయువుతో చేసిన గుల్లయితే పోయేదేముంది? సెకనుకోసారి కాల్చుకోవచ్చు. ఇయ్యాల కాదులే, ఎప్పటికో. ఈ ఆరు తుపాకులతో సూర్యుడు పుట్టడు. ఆరూ సమానంగా కలుస్తాయా లేదా అని చూడటమే నా పని.”

గౌసియా పీపా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినట్టు తిరిగి వచ్చింది. “ఒకటి ఆలస్యంగా వస్తే?”

“ఆ సందులోంచి అంతా బయటికి జారిపోద్ది.”

“మూడు ఫేజుల్లో ఒకటి పడిపోతే మోటారు మూలిగినట్టు,” అంది గౌసియా. వందన అవునన్నట్టు నవ్వింది.

ఆ రోజు నుంచి అది గౌసియాకి తన పని కూడా అయింది. ఆరు వాల్వులూ ఒక్క క్షణాన తెరుచుకోవాలంటే ఆరు కాయిల్సూ ఒక్కలాగే ఉండాలి. తీగని బంగారం తూచే త్రాసులో తూచి కోసేది. నచ్చకపోతే విప్పి మళ్ళీ చుట్టేది. గొట్టాల మూతుల్ని నూర్ మొహమ్మద్ లేత్ మీద కోసిచ్చాడు. రెండేళ్ళు పట్టింది. పోయిన వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం, కెమెరాలో ఆరు మెరుపులూ కలిసి ఎక్కడా చిరుగు లేని ఉంగరంలాగా కనిపించాయి. వందన ఆ బొమ్మని తెర మీద నిలిపి, గౌసియా భుజం మీద తల ఆనించింది. షెడ్డులో ఉన్నది వాళ్ళిద్దరూ, కృష్ణచైతన్య అనే కుర్ర లెక్చరరూ అంతే. బయట ఎవరికీ ఆ ఉంగరం సంగతి పట్టలేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో పట్టింది.

ఈ పనికి డబ్బిచ్చిన ఢిల్లీ ప్రభుత్వ శాఖ పెట్టిన మూడేళ్ళ గడువు మార్చితో ముగుస్తుంది. కమిటీ వచ్చి చూసి, పొడిగించాలో ఆపాలో తేలుస్తుంది. అందుకని వందన ఆఖరి మెట్టు కూడా ఎక్కి చూద్దామనుకుంది. ఇన్నాళ్ళూ పీపా మధ్యలో ఏమీ లేదు. ఇప్పుడు అక్కడ బరువు హైడ్రోజన్ వదలడానికి ఏడో వాల్వు పెట్టారు. దాని కాయిల్ కూడా గౌసియానే చుట్టింది. అదే రోజు కృష్ణచైతన్య న్యూట్రాన్లని లెక్కించే కొత్త కౌంటర్‌ని పీపా పక్కన బిగించాడు. నలుపుడు నిజంగా జరిగితే న్యూట్రాన్లు పుడతాయి. పుట్టకపోతే సున్నా. వందన సున్నానే వస్తుందనుకుంది.

మొదటి షాట్‌కి కౌంటర్ నూట నలభై రెండు చూపించింది.

రెండోదానికి నూట యాభై. మూడోదానికి నూట నలభై ఏడు. కృష్ణచైతన్య కేక పెట్టాడు. వందన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. “ఉండండి, తొందరపడొద్దు,” అంది గాని, వెంటనే ఇంకో షాట్‌కి కెపాసిటర్లు నింపమంది. నాలుగు రోజుల్లో తొమ్మిది షాట్లు కాల్చారు. తొమ్మిదింటికీ అంకె వచ్చింది. మధ్యలో వాయువు లేకుండా కూడా కాల్చి పోల్చి చూడాలని వందన బోర్డు మీద రాసుకుంది. ఆ పని రేపంటే రేపని వాయిదా పడుతుండగానే, మాట కాలేజీ చైర్మన్ పుల్లారావు చెవిన పడింది.

పుల్లారావుది క్రోసూరు. మిర్చి వ్యాపారంలో నిలదొక్కుకొని కాలేజీ పెట్టిన మనిషి. విన్న గంటలో విలేకరుల్ని పిలిచాడు. మర్నాడు జిల్లా పేజీలో ‘పల్నాడులో పుట్టిన సూర్యుడు’ అని పడింది. కోటప్పకొండ తిరునాళ్ళకి పోయేవాళ్ళందరికీ కనబడేట్టు కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ లేచింది. ఆ నెలాఖర్న సైన్స్ డే సభలో వందనకీ, కృష్ణచైతన్యకీ, చివర్లో గౌసియాకీ శాలువాలు కప్పారు. “మోటార్లు బాగుచేసే మన ఆడపడుచు సూర్యుణ్ణి బాగుచేసింది!” అని పుల్లారావు మైకులో అంటే పిల్లలు ఈలలు వేశారు. ఆ ఫోటోని గౌసియా కూతురు జాస్మిన్ తన డిగ్రీ కాలేజీ గ్రూపులన్నింట్లో పెట్టింది. బరంపేటలో వాళ్ళ వీధి ఆడవాళ్ళు వచ్చి, “ఏమే గౌసియా, మాతో మాట్లాడతావా ఇంక?” అని ఎగతాళి చేసి పోయారు. గౌసియాకి సిగ్గుగానూ ఉంది, ఒళ్ళంతా వెచ్చగానూ ఉంది.

రంజాన్ మొదలైన మూడో రోజు ఆమె వాల్వుల్ని శుభ్రం చెయ్యడానికి షెడ్డుకి వెళ్ళింది. వందన క్లాసులో ఉంది. షెడ్డులో ఎవరూ లేరు. ఆరు వాల్వులూ తుడిచి, చివరికి ఏడోదాని దగ్గరికొచ్చింది. ఆ వాల్వు వెనక అరచేతిలో పట్టేంత చిన్న ట్యాంకు ఉంటుంది. దాని నిండా బరువు హైడ్రోజన్. వాల్వు తెరుచుకున్నప్పుడల్లా కాస్త తగ్గి, మీటరు ముల్లు ఒక గీత దిగాలి. గౌసియా ముల్లు వంక చూసింది. తను ట్యాంకు నింపిన రోజు ఎర్ర స్కెచ్ పెన్నుతో పెట్టిన గుర్తు మీదే అది నిలబడి ఉంది.

మళ్ళీ నింపారేమో అనుకుంది. నింపితే సీలు కొత్తది ఉండాలి. పాతదే ఉంది.

మీటరు పాడయిందేమో అనుకుంది. వేలితో కొట్టింది. ముల్లు వణికి మళ్ళీ అక్కడే ఆగింది.

అప్పుడామె నట్లు విప్పింది. కాయిల్ మీద పల్చటి అల్యూమినియం పళ్ళెం ఒకటి ఉంటుంది. కరెంటు తగలగానే అది ఎగిరిపడితే వాయువు బయటికొస్తుంది. గౌసియా పళ్ళేన్ని గోటితో లేపబోయింది. రాలేదు. స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తితే, చప్పుడు చేసుకుంటూ ఊడొచ్చింది. దాని అడుగున గోధుమరంగు జిగురు, గట్టిపడి, గాజులా మెరుస్తోంది.

అది వార్నిష్. చుట్టిన కాయిల్‌ని వార్నిష్‌లో ముంచి ఆరు గంటలు ఓవెన్‌లో కాల్చాలి. ఏడో కాయిల్ చుట్టిన రోజు నకరికల్లు రైతు ఒకడు మోటారు కోసం నెత్తిన కూర్చున్నాడు. ఓవెన్ ఖాళీ చెయ్యడానికి ఆమె ఈ కాయిల్‌ని నాలుగు గంటలకే తీసేసింది. పైన ఆరినట్టు కనబడింది. లోపలి తడి మెల్లగా ఊరి, పళ్ళేన్ని కాయిల్‌కి అతికించేసింది.

ఏడో వాల్వు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. తొమ్మిది షాట్లలో ఏ ఒక్కదానికీ పీపా మధ్యలో ఏమీ లేదు. నలగడానికి అక్కడ ఏమీ లేనప్పుడు ఆ నూట నలభైలూ నూట యాభైలూ ఎక్కడ నుంచి వచ్చాయి?

గౌసియా నేల మీద చతికిలబడింది. ఉపవాసం వల్ల ముందే నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఊడిన పెచ్చొకటి కాగితంలో చుట్టి పర్సులో వేసుకొని, పళ్ళేన్ని తిరిగి దాని చోట పెట్టి, నట్లు బిగించి, ఎవరికీ కనబడకుండా వెనక గేటు నుంచి బయటపడింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున, లేత్ ఆపి టూలు మారుస్తున్న భర్త దగ్గర నిలబడి అంతా చెప్పింది. నూర్ మొహమ్మద్ చేతిలోని టూలుని గుడ్డతో తుడిచాడు.

“ఎవరన్నా చూశారా?”

“లేదు.”

“మరైతే ఆ జిగురు గీకేసి, బాగుచేసి రా. రేపటి నుంచి తెరుచుకుంటది. పోయినవాటి సంగతి ఎవరికి కావాలి?”

“మేడం ఆ అంకెల మీద పేపరు రాసి సైన్సు పత్రికకి పంపారంట. సోమవారం కమిటీ వస్తంది.”

“అందుకే చెబుతున్నా. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే తప్పు నీదంటారు. అంతమంది చదువుకున్నోళ్ళు ఉండి చూసుకోలా. పేరు మాత్రం మనకి. రేపు మోటారు తెచ్చే రైతు కూడా, ఈమె చుట్టిన కాయిల్ అతుక్కుపోయిందంట అని పక్క షాపుకి పోతాడు.”

“తప్పు నాదే కదా, జాస్మిన్ అబ్బా.”

అతను టూలు బిగించాడు. లేత్ మీట నొక్కాడు. గౌసియా తన గదిలోకి వెళ్ళి, తీగ చుట్టాల్సిన మోటారు స్టేటర్ ఒళ్ళో పెట్టుకుంది గాని, ఒక చుట్టు వేసి రెండు విప్పుతోంది. పన్నెండు గంటలకి లేచి, ముఖం కడుక్కొని, ఆటో ఎక్కింది. ఆటో కదులుతుంటే లేత్ చప్పుడు ఆగింది. నూర్ మొహమ్మద్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పిలవలేదు, వద్దనలేదు.

వందన తన గదిలో కమిటీ కోసం బొమ్మలు సర్దుకుంటోంది. గౌసియా కూర్చోకుండానే చెప్పింది. నాలుగు గంటల ఓవెన్ సంగతి కూడా దాచలేదు. పర్సులో కాగితంలో చుట్టి తెచ్చిన గోధుమరంగు పెచ్చుని బల్ల మీద పెట్టింది.

వందన దాని వంక చూడలేదు. “పొరపాటు పడి ఉంటావక్కా. తెరుచుకొని, ఆ తర్వాత అతుక్కొని ఉంటది.”

“ముల్లు దిగలేదు మేడం.”

“మీటరు పనిచెయ్యటం లేదేమో.”

“పనిచేస్తంది. నేను చూశా.”

వందన కంప్యూటర్ మూసింది. ముప్పై ఆరేళ్ళ మనిషి ముఖం ఒక్క నిమిషంలో ముదిరిపోయినట్టు అనిపించింది గౌసియాకి. “ఎప్పుడు తెలిసింది నీకు?” అని అడిగింది. మూడు రోజులైందని చెబితే, “మూడు రోజులా!” అని గట్టిగా అరిచింది. “నిన్న పేపరు పంపించేశాను. నిన్న! మొన్న చెప్పి ఉంటే...” ఆ మాట అక్కడే ఆపేసింది. గౌసియా తలవంచుకొని నిలబడింది.

కాసేపటికి వందన లేచింది. ఆమె కళ్ళలో మళ్ళీ ఆశలాంటిది కనిపించింది. “బాగుచెయ్యి. ఇప్పుడే కాలుద్దాం. వాయువు నిజంగా ఉంటే నిజంగానే వస్తాయేమో. ఎక్కువే వస్తాయేమో.”

గౌసియా వాల్వు గీకి, కడిగి, బిగించింది. కృష్ణచైతన్యని పిలిచారు. ముగ్గురూ ఇసుక మూటల గోడ వెనక్కి వెళ్ళారు. సైరన్ మోగింది. కెపాసిటర్లు నిండుతున్నంతసేపూ సన్నగా ఈల వేసినట్టు చప్పుడు, తర్వాత కర్ర ఫెళ్ళున విరిగినట్టు ఒక దెబ్బ. మీటరు ముల్లు ఈసారి ఒక గీత దిగింది. కౌంటర్ చూస్తే నూట నలభై తొమ్మిది.

వాయువు లేనప్పుడు ఎంతో, ఉన్నప్పుడూ అంతే.

వందన ఇంకోసారి కాల్పించింది. నూట నలభై నాలుగు. అప్పుడు గౌసియా మెల్లగా అంది. “మేడం, అసలు తుపాకులే వద్దు. కరెంటుని వాటిలోకి పోనియ్యకుండా, టెస్టింగుకి వాడే ఆ స్టీలు కడ్డీలోకి పంపి చూడండి. పీపాలో ఏమీ మండదు. అప్పుడు సున్నా రావాల కదా?”

తీగలు మార్చడానికి గంట పట్టింది. సైరన్ మోగింది. దెబ్బ పడింది. పీపా చీకటిగా, చల్లగా ఉంది. కౌంటర్ నూట నలభై ఆరు చూపించింది.

“ఇంట్లో మిక్సీ వేస్తే రేడియో గరగరమన్నట్టు,” అంది గౌసియా. కౌంటర్ ఎర్త్ తీగా, కెపాసిటర్ల ఎర్త్ తీగా ఒకే బోల్టుకి బిగించి ఉన్నాయి. కరెంటు దెబ్బ పడినప్పుడల్లా కౌంటర్ ఆ చప్పుడునే వింటోంది. న్యూట్రాన్ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ బోల్టు బిగించిన కృష్ణచైతన్య గోడకి ఆనుకొని, ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

“మొదటి రోజే చెయ్యాల్సిన పని ఇది,” అంది వందన, తనలో తను అనుకుంటున్నట్టు. “మొదటి రోజే. బోర్డు మీద రాసుకున్నాను కూడా.”

మర్నాడు పుల్లారావు షెడ్డుకే వచ్చాడు. వందన చెప్పినదంతా నిలబడే విన్నాడు. అతనికి అర్థమయింది. మిర్చిలో తడి ఎక్కడుందో చేయి పెట్టి చెప్పగలిగిన మనిషికి ఇది అర్థం కాకపోవడమేముంది?

“ఏంది మేడం గారూ ఇది? ఊరంతా చెప్పుకున్నాం. ఇప్పుడు పోయి, లేదు, ఉత్త గరగర అని చెప్పమంటారా?” అతను అరవలేదు. అలసిపోయినట్టు మాట్లాడాడు. “ఇరవై ఏళ్ళ నుంచి నడుపుతున్నా ఈ కాలేజీ. ఇట్టాంటిది ఒకటుందని ఢిల్లీలో ఒక్కడికి తెలీదు. పోయిన వారం తెలిసింది. మీరు అబద్ధం చెప్పొద్దు. అడగనిది చెప్పొద్దు, అంతే. సోమవారం పోనీండి. పొడిగించనీండి. తర్వాత తీరిగ్గా దిద్దుకుందురు.”

అతను గౌసియా వైపు తిరిగాడు. “ఏమ్మా, నీక్కూడా అదే చెబుతున్నా. నీ చేతి పని వల్ల ఇంతమంది బతుకులు వీధిన పడకూడదు.”

అతను వెళ్ళాక గౌసియా, “ఏం చేద్దాం మేడం?” అని అడిగింది.

“నువ్వు ఇంటికి పో అక్కా,” అంది వందన. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు.

సోమవారం నలుగురు వచ్చారు. వాళ్ళలో పెద్ద, మరియమ్మ అనే అరవై దాటిన శాస్త్రవేత్త. బాపట్ల వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడుతుంది. సెమినార్ హాల్లో వందన గంటసేపు చెప్పింది. గౌసియా వెనక వరసలో కూర్చుని, తెర మీద బొమ్మలు ఒక్కొక్కటీ దాటిపోవడం చూసింది. ఆరు మెరుపుల ఉంగరం వచ్చింది, పోయింది. తొమ్మిది అంకెలున్న పట్టిక వచ్చింది. వందన దాన్ని చదివి, “ఇవి ఇంకా పరిశీలనలో ఉన్నాయి,” అని మాత్రం అని తర్వాతి బొమ్మకి వెళ్ళింది. పుల్లారావు ముందు వరసలో తృప్తిగా తలాడించాడు.

తర్వాత అందరూ షెడ్డుకి వచ్చారు. మరియమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకొని, ప్రతి తుపాకీ దగ్గరా ఆగి చూసింది. ఏడో వాల్వు దగ్గర ఎక్కువసేపు ఆగింది.

“ఈ కాయిల్స్ ఎవరు చుట్టారు?”

పుల్లారావు గౌసియాని ముందుకి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె వచ్చి నిలబడింది.

“చానా బాగా చుట్టావమ్మా. ఈ మధ్య వాల్వు ఎన్నాళ్ళకోసారి విప్పి చూస్తావు? ఆ తొమ్మిది షాట్లప్పుడు ఇది సరిగ్గా తెరుచుకుందా?”

అది ఆవిడ అందరినీ అడిగే మామూలు ప్రశ్నే కావచ్చు. గౌసియా వందన వంక చూసింది. వందన నేలకేసి చూస్తోంది. ఎంతసేపు చూసినా తల ఎత్తలేదు. తెరుచుకుందండీ అనే ఒక్క మాట గౌసియా నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున్నుంచి నీటిచుక్క తగలని ఆ నాలుక మీద ఆ మాట కదల్లేదు.

“తెరుచుకోలేదమ్మా,” అంది. “ఒక్కసారి కూడా. వార్నిష్ సరిగ్గా కాల్చక అతుక్కుపోయింది. నా తప్పే.”

మరియమ్మ గౌసియా నుంచి వందన వైపు తిరిగింది. “మరి ఆ అంకెలు?”

అప్పుడు వందన తల ఎత్తింది. ఎర్త్ బోల్టు గురించి, స్టీలు కడ్డీ గురించి, నూట నలభై ఆరు గురించి, పంపిన పేపరు గురించి, ఏదీ వదలకుండా చెప్పింది. “గురువారం నుంచి నాకు తెలుసు. ఇందాక హాల్లో చెప్పాల్సింది. చెప్పలేదు,” అంది. పుల్లారావు ఆమె మాట పూర్తికాకముందే బయటికి వెళ్ళిపోయాడు.

మరియమ్మ కోప్పడలేదు. “పెద్ద పెద్ద వాళ్ళు కూడా ఈ గుంటలో పడ్డారు,” అంది. ఆరు మెరుపుల ఉంగరం బొమ్మని మళ్ళీ తెప్పించుకొని, చాలాసేపు చూసింది. “ఇంత సమానంగా కలవడం నేను చూసింది తక్కువ. దీని గురించి కదా మీరు గంటసేపు చెప్పాల్సింది!” అంది. అయినా కమిటీ కాగితం మీద పొడిగింపు లేదనే రాసింది. తెలిసీ హాల్లో దాచిపెట్టిన సంగతిని చూసీ చూడనట్టు వదిలెయ్యలేమని కింద ఒక వాక్యం.

ఫ్లెక్సీ ఆ సాయంత్రమే దిగిపోయింది. షెడ్డుకి తాళం పడింది. సూర్యుడు పుట్టాడని రాసిన పేపరే, సూర్యుడు లేడని లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసింది. ఊళ్ళో మాత్రం కథ ఇంకోలా నడిచింది. అంతా బాగానే ఉందట, కాయిల్ చుట్టే ఆమె ఏదో పాడుచేసిందట, అందుకే ఢిల్లీవాళ్ళు డబ్బులు ఆపేశారట. ఇద్దరు రైతులు నిజంగానే మోటార్లు పక్క షాపుకి మోసుకెళ్ళారు. జాస్మిన్‌ని క్లాసులో ఎవరో ఏదో అంటే, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. నూర్ మొహమ్మద్ నేను ముందే చెప్పానని ఒక్కసారి కూడా అనలేదు. ఊళ్ళోవాళ్ళకి చెప్పాలని రంజాన్ నెలంతా గౌసియా మనసులో సిద్ధం చేసుకున్న జవాబులు అక్కర్లేకుండా పోయాయి. అవి అడిగేవాళ్ళే లేరు. వందన నుంచి ఫోన్ రాలేదు.

జూన్‌లో వచ్చింది. ఫోన్ కాదు, మనిషే వచ్చింది. మరియమ్మ తన లాబొరేటరీకి ఆ ఆరు తుపాకుల్నీ అడిగిందట. కాలేజీ ఇచ్చెయ్యడానికి ఒప్పుకుందట. “విప్పడానికి నువ్వు రావాలక్కా. వేరేవాళ్ళ చెయ్యి పడితే కాయిల్స్ దెబ్బతింటాయి,” అంది గుమ్మంలోనే నిలబడి.

రేకుల కింద ఎండ కాలిపోతోంది. ఇద్దరూ పొద్దుటి నుంచి బోల్టులు విప్పుతున్నారు. ఐదో తుపాకీ దగ్గర వందన, “నా మీద కోపముందా?” అని అడిగింది.

“ఉంది మేడం,” అంది గౌసియా, స్పానర్ ఆపకుండా. “తప్పు నాది. తిట్టారు, పడ్డాను. కాని ఆవిడ అడిగినప్పుడు మీరు నేలకేసి చూశారే. నన్ను ఒక్కదాన్నే నిలబెట్టి. అది పోవటం లేదు.”

“నాక్కూడా పోవటం లేదు,” అంది వందన. ఇంకో బోల్టు విప్పాక, “ఆ న్యూట్రాన్ల పేపరు వెనక్కి తీసేసుకున్నాను. ఉంగరం గురించి వేరే రాశాను. రాసినవాళ్ళలో నీ పేరు కూడా ఉంది,” అంది.

“దాన్నన్నా సరిగ్గా చూసుకున్నారా?”

“పదకొండుసార్లు.”

గౌసియా తలూపింది. ఆరో తుపాకీ బిగుసుకుపోయి ఉంటే ఇద్దరూ కలిసి లాగారు. అది ఊడి చేతుల్లోకి వచ్చేసరికి దాని బరువుకి ఇద్దరూ తూలి, ఒకరినొకరు పట్టుకొని నిలదొక్కుకున్నారు. తర్వాత ఎవరి చెయ్యి వాళ్ళు తీసుకున్నారు.

మధ్యాహ్నానికి పెట్టెలన్నీ లారీకి ఎక్కాయి. వందన కూడా ఆ లాబొరేటరీలోనే చేరుతోందని, రెండు రోజుల్లో ఊరు విడుస్తోందని అప్పుడు తెలిసింది. లారీ గేటు దాటాక ఇద్దరూ ఖాళీ షెడ్డు ముందు నిలబడ్డారు. అక్కడ బిగించేటప్పుడు వారం రోజులు రాగలవా అని వందన అడిగింది. ఇంట్లో అడిగి చెబుతానంది గౌసియా. వెళ్తుందో లేదో ఆమెకే తెలియలేదు. చేతులకంటిన గ్రీజుని పాత గుడ్డతో తుడుచుకుంటూ రోడ్డు మీదికి నడిచింది.